పుట్టినప్పటి నుంచి

కళ్లద్దాల దుకాణం, వెనక గది
జూన్ మొదటి వారం

కత్తెరమ్మకు,

మీ వదిన రాస్తున్నది. ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరూ పోలేదు. నీ ప్రాణం తీయడానికి నేనింకా బతికే ఉన్నాను. ఫోన్ చేద్దామంటే రెండు మాటలకే ఊపిరి అందడం లేదు. మూడో మాటకి మీ అన్నయ్య ఫోన్ లాక్కుని తన కబుర్లు మొదలుపెడతాడు. అందుకని మధ్యాహ్నం బేరాలు లేని వేళ, అద్దాలు అరగదీసే బల్ల మీదే కాగితం పెట్టుకుని కూర్చున్నాను.

చలికాలంలో నాకు జ్వరం వచ్చి వదలకుండా పట్టుకుంది చూడు, అది పోతూ పోతూ గుండెలో ఒక వాల్వ్‌ని పాడుచేసి పోయిందట. మార్చాలన్నారు. మందులతో కొన్నాళ్లు నెట్టుకు రావచ్చు గానీ ఎక్కువ కాలం ఆగకూడదని పెద్ద డాక్టరు గట్టిగానే చెప్పాడు. మా దుకాణం యజమాని పనివాళ్లందరికీ కలిపి రెండేళ్ల కిందట ఆరోగ్య బీమా తీసుకున్నాడు కదా, భయం లేదనుకున్నాం. మీ అన్నయ్య అయితే బస్సులో టిక్కెట్లు కొడుతూ ఊరందరికీ చాటేశాడు. "మా ఆవిడ గుండెకి కొత్త తలుపు పెట్టిస్తున్నానండీ, ఇకమీదట నేనెంత ఆలస్యంగా వెళ్లినా తలుపు తీస్తుంది" అని. ఎక్కినవాళ్లకీ దిగినవాళ్లకీ అదే పాట.

నిన్న బీమా కంపెనీ నుంచి కాగితం వచ్చింది. ఇవ్వరట. 'పాలసీకి ముందు నుంచే ఉన్న వ్యాధి' అని ఒక్క ముక్క రాశారు. నాకు ఈ జ్వరానికి ముందు ఆసుపత్రి గడప తొక్కిన గుర్తే లేదు. నువ్వు చేసేది ఇలాంటి కంపెనీలోనే కదా, ఇలాంటి కాగితాలు కత్తిరించే పనే కదా, నీకు తెలుస్తుందని అడుగుతున్నాను. ఏమిటి దీని అర్థం?

మీ అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. కాగితాలు తిరుగుతున్నాయని చెప్పాను. అంత సంబరంగా చెప్పుకు తిరుగుతున్నవాడి మొహం మాడిపోతే చూడలేను. జవాబు దుకాణం అడ్రసుకే రాయి.

నీ వదిన

ఆఫీసు, రెండో అంతస్తు
జూన్, మరుసటి వారం

వదినా,

నువ్వు పెట్టిన పేరు ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ అంతస్తులో అందరినీ అదే పేరుతో పిలవాలి.

నిన్ను ఓదార్చడం నాకు చేతకాదని నీకు తెలుసు. పని ఎలా జరుగుతుందో చెబుతాను. నీది మా కంపెనీ కాదు గానీ, పద్ధతి అన్నిచోట్లా ఒకటే. మా బల్ల మీదికి వచ్చిన కట్టని ఎవరూ మొదటి పేజీ నుంచి చదవరు. ముందు ఆసుపత్రివాళ్ల కేస్ షీట్ లాగి, అందులో 'ఎన్నాళ్ల నుంచి' అన్న చోట ఏం రాశారో చూస్తాం. అక్కడున్నది పాలసీ కంటే పాతదైతే ఇక మిగతా కాగితాలు తెరవక్కరలేదు. సాయంత్రానికి నా ముందు రెండు దొంతరలు ఉంటాయి, ఇచ్చినవి ఒకటి, కాదన్నవి ఒకటి. కాదన్న దొంతర పొట్టిగా ఉన్న రోజు నేనెరగను. నేను ముందు చెయ్యి పెట్టేదీ ఆ 'ఎన్నాళ్ల నుంచి' గీత మీదే.

ఇంకో సంగతి. కాదనిపించుకున్నవాళ్లలో మళ్లీ రాసేవాళ్లు చాలా తక్కువ. అంత పెద్ద కంపెనీ రాసిందంటే నిజమే అయ్యుంటుందని ఊరుకుంటారు. వాళ్లు ఊరుకుంటారన్న నమ్మకం మీదే మా పై అధికారి హాయిగా భోజనం చేస్తాడు. నువ్వు ఊరుకోకు. రెండు నెలల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. ముందు ఆసుపత్రికి వెళ్లి నీ కేస్ షీట్ నకలు అడుగు. ఇవ్వం అంటారు, ఇచ్చేదాకా అక్కడే కూర్చో. ఆ 'ఎన్నాళ్ల నుంచి' ఎదురుగా ఏం రాసి ఉందో అక్షరం పొల్లు పోకుండా నాకు రాయి.

మెట్లు ఎక్కకు. మందులు మానకు.

నీ మరదలు

కళ్లద్దాల దుకాణం
జూన్ చివర

కత్తెరమ్మా,

దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

'ఆయాసం: పుట్టినప్పటి నుంచి. భర్త చెప్పిన ప్రకారం.' అంతే ఉంది.

చదవగానే నాకు ఆ రోజంతా కళ్ల ముందుకు వచ్చింది. నన్ను మంచం మీద పడుకోబెట్టారు. పక్కనే బల్ల మీద ఒక డాక్టరమ్మాయి రాసుకుంటోంది, పాపం కళ్లు మూతలు పడిపోతున్నాయి. "ఆయాసం ఎన్నాళ్ల నుంచమ్మా?" అంది. నేను నోరు తెరిచేలోపే మీ అన్నయ్య అందుకున్నాడు.

"పుట్టినప్పటి నుంచేనండీ. ఒక్క నాతో పోట్లాడేటప్పుడు మాత్రం ఉండదు."

నాకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే ఆ పిల్ల లేచి వచ్చి వీపు రాసింది. నేను భయపడి బిగుసుకుపోయి ఉన్నానని, నన్ను నవ్వించడానికే ఆయన ఆ మాట అన్నాడు. ఆ పిల్ల కూడా నవ్విందే! నవ్వుతూనే రాసుకుందన్నమాట. పక్క మంచం ఆవిడ కూడా నవ్వింది. ఆ గదిలో ఆ పూట మాకు దిగులే లేదు.

ఇప్పుడు చెప్పు, ఈ సంగతి మీ అన్నయ్యకి ఎలా చెప్పను? ఆయనకి ఉన్న ఆస్తల్లా ఆ నోరే. నీకు తెలియనిదేముంది. ఆయన బస్సు కోసం ముందొచ్చిన బస్సు వదిలేసి నిలబడేవాళ్లున్నారు. "లోపలికి జరగండి బాబూ, వెనక సగం కూడా ఆ ఊరికే పోతుంది" అని ఆయన అరిస్తే వినడానికి. నాకు వేరే ఏ లోటు జరిగినా సర్దుకున్నాను గానీ, ఈ పెళ్లిలో నవ్వుకు లోటు లేదు. ఆ మాట వల్లే నాకు ఆపరేషన్ ఆగిందని తెలిస్తే ఆయన తట్టుకోలేడు.

నా మీద ఒట్టు. ఆయనకి చెప్పకు.

నీ వదిన

ఆఫీసు
జూలై మొదటి వారం

వదినా,

నీ ఉత్తరం చదివి నేనూ ముందు నవ్వాను. తర్వాత చాలాసేపు నీళ్ల కుళాయి దగ్గర నిలబడ్డాను.

ఇప్పుడు తెలివిగా ఆలోచిద్దాం. వాళ్లు అన్నయ్య మాటలో సగమే రాసుకున్నారు. మొదటి సగం విడిగా చదివితే జబ్బు. రెండో సగం కూడా కలిపి చదివితే పసిపిల్లకి కూడా తెలుస్తుంది అది వేళాకోళమని. మొగుడితో పోట్లాడేటప్పుడు మాయమయ్యే గుండె జబ్బు ఏ పుస్తకంలోనూ లేదు. నీ అప్పీలంతా ఆ రెండో సగం మీదే నిలుస్తుంది. కానీ ఆ సగం నువ్వు రాస్తే చెల్లదు, నేను రాస్తే అసలే చెల్లదు. కాగితం మీద 'భర్త చెప్పిన ప్రకారం' అని ఉంది. కాబట్టి ఆ భర్తే రాయాలి. ఫలానా రోజు నేను ఈ మాట మొత్తం ఇలా అన్నాను, భార్యకి ధైర్యం చెప్పడానికి పరిహాసంగా అన్నాను అని సంతకం పెట్టాలి. పెద్ద డాక్టరు జ్వరం సంగతి రాసిచ్చే కాగితం దానికి తోడు పెట్టాలి.

వేరే దారి లేదు వదినా. అన్నయ్యకి చెప్పు. నొచ్చుకుంటాడు. నొచ్చుకోనీ. నువ్వుంటేనే కదా ఆయన ఎవరితోనైనా వేళాకోళమాడేది.

నీ మరదలు

కళ్లద్దాల దుకాణం
జూలై చివర

కత్తెరా,

డాక్టరు కాగితం ఒక్కటే పెట్టి అప్పీలు పంపేశాను. కేస్ షీట్‌లో ఆ మాట పొరపాటున పడిందని నేనే రాశాను. ఎవరన్నారో, ఎందుకన్నారో ఎత్తలేదు. చాలదని నువ్వంటావు. చాలుతుందేమో చూద్దాం.

నేను బాగానే ఉన్నాను. దుకాణానికి రోజూ వస్తున్నాను. యజమాని కుర్చీ ఎత్తు పెంచాడు, ముందుకు వంగక్కరలేకుండా. చిన్న

అద్దాల పని వేరేవాళ్లకి ఇచ్చాడు. చెయ్యి ఒణుకుతోందని కాదు, నాకే తీరిక కావాలని. మీ అన్నయ్య మొన్న బూట్లు విప్పుతూ "ఏమే, నీ గుండె తలుపుకి రంగేమిటో అడిగావా? గోడలకి నప్పేది వేయించుకో" అన్నాడు. నవ్వాను. ఆయన

అటు తిరిగాక కూర్చున్నాను.

నీ ఒట్టు మరిచిపోకు.

వదిన

ఆఫీసు
ఆగస్టు రెండో వారం

వదినా,

నీ ఉత్తరంలో రెండుచోట్ల సిరా మారింది. అంత చిన్న ఉత్తరం మూడు విడతలుగా రాశావు. రోజంతా రోగుల కాగితాలు చూసేదాన్ని, నాకు తెలియదనుకున్నావా?

మీ యజమానితో మాట్లాడాను. అప్పీలు కూడా కాదన్నారని, ఆ కాగితం వచ్చి వారం దాటిందని చెప్పాడు. నువ్వు నాకు చెప్పలేదు. దుకాణానికి వారంలో రెండు రోజులే వస్తున్నావని కూడా ఆయనే చెప్పాడు. ఇంకొక్క మెట్టు మిగిలింది, పైవాళ్ల ముందు విచారణ. దాని గడువు ఈ నెలాఖరు.

నీ ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను. తిట్టుకో.

మరదలు

ఆఫీసు
అదే రోజు

అన్నయ్యా,

ఈ ఉత్తరం డిపోలో చదవకు. ఇంటికీ తీసుకెళ్లకు. దారిలో ఎక్కడైనా కూర్చుని చదువు.

వదినకి బీమా ఇవ్వం అన్నారు. ఒకసారి కాదు, రెండుసార్లు. కాగితాలు ఎక్కడా తిరగడం లేదు. నిన్ను బాధపెట్టడం ఇష్టంలేక వదిన దాచింది. ఆసుపత్రిలో చేర్చిన రోజు డాక్టరమ్మాయి ఆయాసం ఎన్నాళ్ల నుంచని అడిగితే నువ్వు ఒక మాట అన్నావు, గుర్తుందా? ఆ పిల్ల అందులో మొదటి సగం రాసుకుంది. కంపెనీవాళ్లు దాన్ని పట్టుకుని, ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు అంటున్నారు.

నీ తప్పని నేను అనడం లేదు. ఇంకో పేజీ నిండా ఈ ముక్క తిప్పి తిప్పి రాసి నిన్ను ఊరడించాలని ఉంది గానీ గడువు లేదు. అడుగున ఒక కాగితం నమూనా రాసి పెట్టాను. నీ చేత్తో తిరిగి రాసి, సంతకం పెట్టి, విచారణ అడుగు. పిలుస్తారు. వెళ్లు. వాళ్లు ఏమడిగితే అది మాత్రమే చెప్పు. దయచేసి అక్కడ నవ్వించాలని చూడకు.

నీ చెల్లెలు

ఇల్లు
ఆగస్టు చివర

ఆడపడుచు గారికి,

మీ ఉత్తరం మీ అన్నయ్యగారికి చేరింది. చేరిన రోజు ఆయన డ్యూటీ దిగి ఇంటికి నడిచి వచ్చారు. అంత దూరం ఎందుకు నడిచారో నేను అడగలేదు. వచ్చి నా మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. అన్నం పెడితే తిన్నారు. ఆ రోజు నుంచీ అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతున్నారు.

విచారణకు పిలుపు వచ్చింది. వెళ్తారు.

ఇకమీదట మీరు ఇంటి అడ్రసుకే రాయవచ్చు. దాచవలసింది ఏమీ మిగల్లేదు.

మీ వదిన

డిపో, విశ్రాంతి గది
సెప్టెంబరు

చెల్లీ,

నాకు ఉత్తరాలు రాయడం రాదని తెలుసుగా. తప్పులుంటే దిద్దుకో.

విచారణ అయింది. పొడుగాటి బల్ల, అటు ముగ్గురు, ఇటు నేనొక్కణ్ణి. నీళ్లు పెట్టారు. మర్యాదగానే ఉన్నారు. ఆసుపత్రిలో అన్న మాట అన్నట్టుగా మళ్లీ అనమన్నారు. అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ ముగ్గురిలో కళ్లద్దాలు పెట్టుకున్నాయన, "అయితే పుట్టినప్పటి నుంచి అన్నది నిజం కాదు" అన్నాడు.

"కాదండీ."

"అంటే ఆసుపత్రిలో అబద్ధం చెప్పారు."

"అబద్ధం కాదండీ, వేళాకోళం."

"ఆ రెండింటికీ తేడా ఏమిటో చెప్పండి."

ఇన్నేళ్లుగా నోటితోనే బతుకుతున్నాను, చెప్పలేకపోయాను చెల్లీ. అందరికీ తెలిసిందే కదండీ అన్నాను. అలా కాదు, రాసుకోవడానికి వీలుగా చెప్పండి అన్నారు. తర్వాత పోట్లాట సంగతి అడిగారు. పోట్లాడేటప్పుడు ఆమెకి ఆయాసం నిజంగా తగ్గేదా, ఎంతసేపు తగ్గేదీ, వారానికి ఎన్నిసార్లు పోట్లాడేవాళ్లం అని. మేం పోట్లాడింది తక్కువండీ, అది కూడా వేళాకోళంలో భాగమే అన్నాను. అది వేరే గీత మీద రాసుకున్నారు.

నాకు వేళాకోళమాడే అలవాటు ఉందని రుజువు కావాలన్నారు. డిపో మేనేజరు దగ్గరికి వెళ్లి అడిగాను. నా మొహం చూసి, ఇది కూడా వేళాకోళమే అనుకుని ముందు పొమ్మన్నాడు. తర్వాత కాగితం చదివి రాసిచ్చాడు. 'ఇతనికి పరిహాసమాడే అలవాటు కలదు. విధులకు ఆటంకం కలుగలేదు' అని. ముద్ర వేశాడు.

అది తీసుకెళితే, ఉదాహరణలు చెప్పమన్నారు. ముఖ్యంగా భార్య ఆరోగ్యం మీద ఆడినవి. ఒక్కొక్కటే చెప్పించుకుని రాసుకున్నారు. తలుపు సంగతి చెప్పాను. తలుపు రంగు సంగతి చెప్పాను. లోపలికి జరగండి అన్నది కూడా చెప్పాను. అన్నీ అయ్యాక చదువుకుని సంతకం పెట్టమని ఇచ్చారు. కాగితం మీద చూస్తే ఒక్కటి కూడా నవ్వొచ్చేలా లేదు చెల్లీ. జనం ఇన్నాళ్లూ దేనికి నవ్వారో నాకు అర్థం కాలేదు. నా మీద జాలితో నవ్వి ఉంటారా?

మీ వదిన మీద నాకు కోపం లేదు. నీ మీదా లేదు. తను ఊపిరాడక కూర్చుంటే నేను ఆమె ముందు తలుపుకి రంగు ఎంచుతున్నాను. అది తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

నెల లోపల చెబుతామన్నారు.

మీ అన్నయ్య

ఆఫీసు
అక్టోబరు

వదినా,

నువ్వు జవాబు రాయవని తెలిసే రాస్తున్నాను. మీరు, గారు అని రాశావు. అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

బీమా ఇచ్చారని అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. చెప్పి, "సరే, ఉంటాను" అని పెట్టేశాడు. ఇదివరకు ఆయన ఫోన్ పెట్టడానికి నేను బతిమాలుకోవాల్సి వచ్చేది. ఆపరేషన్ తేదీ ఏమిటో అడగడానికి కూడా సందు ఇవ్వలేదు.

నిన్న నా బల్ల మీదికి ఒక కట్ట వచ్చింది. ఎవరో ముసలాయన, ఛాతీ నొప్పి. 'ఎన్నాళ్ల నుంచి' అన్న చోట 'మా అమ్మ పోయినప్పటి నుంచి' అని రాసి ఉంది. వాళ్లమ్మ ఎప్పుడు పోయిందో, ఆయన జబ్బు సంగతి చెప్పాడో దుఃఖం సంగతి చెప్పాడో నాకు ఎలా తెలుస్తుంది? ఇదివరకైతే ఇంత ఆలోచన ఉండేది కాదు. ఆ కట్టని ఇంకా ఏ దొంతరలోనూ పెట్టలేదు. పై అధికారి రెండుసార్లు అడిగాడు.

నువ్వు బతకాలి. నన్ను క్షమించకపోయినా ఫరవాలేదు.

నీ మరదలు

ఇల్లు, కిటికీ పక్క మంచం
డిసెంబరు

కత్తెరమ్మా,

ఆపరేషన్ అయిందని, లేచి తిరుగుతున్నానని నీకు తెలుసు. ఇది నేనే, ఒకే విడతలో, ఒకే సిరాతో రాస్తున్నాను. చూసుకో. కావాలంటే మీ ఆఫీసులో అందరికీ చూపించు.

నీ మీద కోపం పోయింది. ఎప్పుడు పోయిందో తెలియదు. ఆసుపత్రిలో కళ్లు తెరిచి గుండెల నిండా గాలి పీల్చుకున్నప్పుడు మొదట గుర్తొచ్చింది నువ్వే. నీ మాట వినకుండా నా పంతమే నెగ్గించుకుని ఉంటే ఈ పాటికి మట్టిలో ఉండేదాన్ని. అయినా నీకు థాంక్స్ చెప్పమని అడగకు. నోరు రావడం లేదు.

మీ అన్నయ్య బస్సు మానేశాడు. బతిమాలుకుని స్టాండులో టిక్కెట్ల గదికి మార్పించుకున్నాడు. అద్దం వెనక కూర్చుంటాడు. ఊరి పేరు చెబితే టిక్కెట్టు, చిల్లర చిన్న కంతలోంచి తోస్తాడు. అంతకు మించి అక్కడ పని లేదు. పాత ప్రయాణికులు కొందరు అద్దం దగ్గరికి వచ్చి, "ఏం గురూ, ఇక్కడ దాక్కున్నావేం?" అని పలకరిస్తారట. "ఎక్కడికండీ?" అని అడుగుతాడట. ఈ మాట మా యజమాని కళ్లారా చూసి వచ్చి చెప్పాడు.

నన్ను చంటిపిల్లలా చూసుకుంటున్నాడు. మందు వేళకి మందు, పాల వేళకి పాలు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు గానీ లోపలికి రాడు. "నువ్వే చెప్పుకో" అని వరండాలో గోడవైపు తిరిగి నిలబడతాడు. నేనే ఏదో ఒకటి అని నవ్వించాలని చూస్తున్నాను. నాకు చేతకాదు, నీకు తెలుసుగా. మొన్న నా కుట్ల మీద ఒక మాట అన్నాను. ఆయన కంగారుగా వచ్చి కుట్లు చూసి, "డాక్టరుకి చూపిద్దామా?" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. ఊపిరి బాగా అందుతోంది కదా, ఎంతసేపైనా ఏడవగలుగుతున్నాను.

ఆయన నాకోసం చేసిన పని చిన్నది కాదు. ఆ ముగ్గురి ముందు కూర్చుని తన మాటలన్నీ ఒలిచి ఇచ్చి వచ్చాడు. వాళ్లు తీసుకున్నవి తిరిగి ఇవ్వలేదు. ఎవరిని అడగాలో కూడా తెలియదు, దానికి అప్పీలు లేదు కదా.

సెలవు దొరికితే రా. నిన్ను చూడాలని ఉంది. మీ ఆఫీసు కబుర్లు మాత్రం ఆయన ముందు ఎత్తకు. ఇంకొక్క మాట. గుమ్మంలోకి రాగానే అలవాటు కొద్దీ "ఎలా ఉన్నావు అన్నయ్యా?" అని అడిగేవు, అడగకు. ఆ ప్రశ్నకి ఇప్పుడు ఆయన చాలాసేపు ఆలోచించి, సరిగ్గా జవాబు చెబుతున్నాడు.

నీ వదిన